కౌన్సెలింగ్ ఫైలు ఎవరి బీరువాలో ఉంది? లా కాలేజీల సంగతి

మీ లా కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని అడిగితే ఈ రోజుల్లో చాలా యాజమాన్యాలు ఉన్నారనే చెబుతాయి. గది ఉంది, తలుపు మీద బోర్డు ఉంది, వెబ్‌సైటులో ఫోన్ నంబరు కూడా ఉంది. అప్పుడు రెండో ప్రశ్న వేసి చూడండి: ఆ గదికి నిన్న ఎవరెవరు వచ్చారో తెలుసుకోగలిగినవాళ్లు, కౌన్సెలర్ కాకుండా, ఈ కాలేజీలో ఎంతమంది? "ఎవరూ లేరు" అని ఠక్కున జవాబు రావాలి. సాధారణంగా రాదు. అపాయింట్‌మెంట్ల పట్టిక ఆఫీసు గుమాస్తా కంప్యూటర్లో ఉంటుంది. ప్రిన్సిపాల్ నెలకోసారి పేర్లతో సహా రిపోర్టు అడుగుతారు. హాజరు మినహాయింపు కావాలంటే కౌన్సెలర్ సంతకం చేసిన కాగితం ముగ్గురు లెక్చరర్ల చేతులు దాటాలి. పత్రాలు కోర్టు దాకా ఎలా వస్తాయో, ఒకరి మాట ఇంకొకరి మీద సాక్ష్యంగా ఎలా మారుతుందో రోజూ చదువుకునే పిల్లలు అలాంటి గదిలోకి ఎందుకు అడుగు పెడతారు?

లా కాలేజీల్లో కౌన్సెలింగ్ ఎందుకు నడవడం లేదంటే సిగ్గు, అపోహలు, అవగాహన లేకపోవడం అంటూ పాత జాబితా చదువుతారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ లా చదివేవాళ్ల విషయంలో వాటికంటే ముందు వచ్చేది అపనమ్మకం. పైగా ఆ అపనమ్మకం చాలావరకు సబబైనదే. కాబట్టి దాన్ని పోస్టర్లతో, అవగాహన సదస్సులతో పోగొట్టలేం. కౌన్సెలింగ్ గదికీ, మార్కులూ హాజరూ క్రమశిక్షణా చూసే పరిపాలనకీ మధ్య నిజంగా గోడ కట్టాలి. ఆ గోడ ఎలా కట్టాలి, ఎక్కడ బీటలు వారుతుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు కొన్ని అంకెలు. అమెరికాలో 2014లో 15 లా స్కూళ్లలో జరిగిన సర్వేలో 3,300 మందికి పైగా విద్యార్థులు జవాబులిచ్చారు. వాళ్లలో 17 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 37 శాతం మందిలో ఆందోళన లక్షణాలు స్క్రీనింగ్‌లో తేలాయి. వీటినే అందరూ ఉటంకిస్తారు. నాకు ముఖ్యమనిపించేవి ఆ తర్వాతి అంకెలు. గడిచిన ఏడాదిలో మానసికంగా సాయం అవసరమనిపించిందని 42 శాతం మంది చెప్పారు. ఆ 42 శాతంలో నిజంగా వెళ్లి సాయం పొందినవాళ్లు ఇంచుమించు సగమే. మానసిక సమస్య వస్తే సాయం అడగకుండా మిమ్మల్ని ఏది ఆపుతుంది అన్న ప్రశ్నకు 45 శాతం మంది "బార్‌లో ప్రవేశానికి ముప్పు", అంటే న్యాయవాదిగా నమోదుకు ముప్పు, అన్న జవాబును ఎంచుకున్నారు. మద్యం, మాదకద్రవ్యాల సమస్య అయితే ఆ జవాబిచ్చినవాళ్లు 63 శాతం. అంటే వాళ్లు నలుగురూ ఏమనుకుంటారోనని మాత్రమే భయపడటం లేదు, రేపు తమ ఫైలు తెరవబోయే మనిషిని తలుచుకుని భయపడుతున్నారు.

ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల బార్ దరఖాస్తుల్లో మానసిక చికిత్స గురించి నేరుగా ప్రశ్నలుండేవి. 2014లో లూసియానాలో ఈ పద్ధతి మీద అక్కడి కేంద్ర న్యాయ శాఖ జోక్యం చేసుకుని ఒప్పందం చేయించింది. రోగనిర్ధారణ గురించి కాక ప్రవర్తన గురించి మాత్రమే అడగాలని 2015లో అమెరికన్ బార్ అసోసియేషన్ తీర్మానించింది. న్యూయార్క్ తన దరఖాస్తులోంచి ఆ ప్రశ్నను తీసేసింది 2020లో. మన దేశంలో పరిస్థితి వేరు. అడ్వకేట్స్ చట్టంలోని 24ఏ సెక్షన్ న్యాయవాదిగా ఎన్‌రోల్‌మెంట్‌కు అనర్హతలు చెబుతుంది. అందులో ఉన్నవి కొన్ని రకాల నేరాలకు శిక్ష పడటం, నైతిక పతనం కిందికి వచ్చే ఆరోపణపై ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగింపు లాంటివి. కౌన్సెలింగ్‌కు వెళ్లడం అందులో లేదు. ఈ రెండు వాక్యాలు మొదటి సంవత్సరం విద్యార్థుల చేతికిచ్చే కరపత్రంలో అచ్చువేస్తే అయ్యే ఖర్చు ఏమీ లేదు. అయినా ఎవరూ వేయరు, ఎందుకో!

ఇక గోడ సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది, మినహాయింపులు కూడా అదే చెబుతుంది: నామినేట్ చేసుకున్న ప్రతినిధికి, చికిత్సలో పాలుపంచుకునే ఇతర వైద్యనిపుణులకు, ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు లేదా సంబంధిత బోర్డు ఆదేశిస్తే, ప్రజా భద్రత కోసం. ఈ జాబితాలో ప్రిన్సిపాల్ లేరు, వార్డెన్ లేరు, ఫీజు కట్టే తండ్రి ఫీజు కడుతున్న కారణంగా లేరు. ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఆ సెక్షన్ బాధ్యత పెట్టింది మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి చికిత్స చేసే ఆరోగ్య నిపుణుల మీద. పరీక్ష భయంతో వచ్చిన విద్యార్థి చట్టం దృష్టిలో రోగా? కాలేజీ పెట్టుకున్న కౌన్సెలర్ ఆరోగ్య నిపుణులా? వాదించుకోవచ్చు. వాదనకు చోటున్న దగ్గర భద్రత లేనట్టే. కాబట్టి గోప్యత షరతును కౌన్సెలర్ నియామక ఒప్పందంలోనే రాయాలి: ఏ సమాచారం ఎవరికీ ఇవ్వరు, ఇవ్వమని అడిగే అధికారం యాజమాన్యంలో ఎవరికీ లేదు, నిరాకరించినందుకు ఉద్యోగం పోదు. ఈ మూడో ముక్క లేని ఒప్పందంలో మొదటి రెండూ అలంకారాలే.

రెండో చిక్కు సాక్ష్యానికి సంబంధించినది. వకీలుకు కక్షిదారు చెప్పిన మాటలకు మన సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది. కౌన్సెలర్‌కు చెప్పిన మాటలకు అలాంటి రక్షణ విడిగా లేదు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1996 నాటి జాఫీ వర్సెస్ రెడ్‌మండ్ తీర్పు దాన్ని గుర్తించింది, ఇక్కడ కోర్టు సమను చేస్తే కౌన్సెలర్ నోట్సు బయటికి రావచ్చు. అందువల్ల నోట్సు ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. తేదీ, ఏ సమస్యతో వచ్చారో ఒక వాక్యం, ప్రాణాపాయం ఉందా లేదా అన్న అంచనా, అనుకున్న ప్రణాళిక, మళ్లీ ఎప్పుడు. అంతే. ఫలానా లెక్చరర్ ఫలానా మాట అన్నారని విద్యార్థి చెప్పింది కొటేషన్లతో రాసుకోనక్కర్లేదు. స్నేహితుల పేర్లు రాయనక్కర్లేదు. అలాగని ప్రాణాపాయం అంచనా రాయకుండా వదిలేయడం కూడా తప్పే, రేపు ఏదైనా జరిగితే కౌన్సెలర్ అడిగారా లేదా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

చట్టం తర్వాత గది. చిన్న విషయాలే గానీ వీటి దగ్గరే గుట్టు బయటపడుతుంది. కాలేజీ ఈమెయిల్ క్యాలెండరులో అపాయింట్‌మెంటు పెడితే ఐటీ విభాగం చూడగలదు, పైగా చాలా సంస్థల్లో క్యాలెండర్లు ఒకరివి ఒకరికి కనబడేలాగే సెట్ చేసి ఉంటాయి. బుకింగ్ కౌన్సెలర్‌కే నేరుగా, కాలేజీ సర్వర్‌తో సంబంధం లేని ఫోను ద్వారా జరగాలి. గుర్తు చేసే మెసేజిలో "కౌన్సెలింగ్" అన్న మాట ఉండకూడదు, ఫోను బల్ల మీద పడి ఉన్నప్పుడు పక్కనున్న రూమ్మేట్ చదువుతారు. "మీ 3 గంటల అపాయింట్‌మెంట్ ఖరారు" చాలు. గది పరిపాలనా భవనంలో ఉండకూడదు. సెషన్‌కు 50 నిమిషాలు, మధ్యలో కనీసం 10 నిమిషాల ఖాళీ, లేకపోతే బయటికి వచ్చేవాళ్లూ లోపలికి వెళ్లేవాళ్లూ గుమ్మంలో ఎదురుపడతారు. తలుపు మూసి లోపల ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే బయట కుర్చీలో కూర్చుని వినండి. మాటలు వినిపిస్తే ఆ గది పనికిరాదు. తలుపు కింద సందు మూయడం, బయట శబ్దం చేసే చిన్న యంత్రం పెట్టడం చవకగా అయ్యే పనులే.

హాజరు స్లిప్పు గురించి విడిగా చెప్పాలి, ఎక్కువ గోప్యత పోయేది దాని దగ్గరే కాబట్టి. లా కాలేజీల్లో హాజరు నిబంధన కఠినం. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, ఒక లా విద్యార్థి ఆత్మహత్య తర్వాత ఏళ్లపాటు నడిచిన కేసులో, హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థిని పరీక్ష రాయనివ్వకుండా ఆపరాదని చెప్పింది. హాజరుకూ మనసుకూ ముడి ఎంత గట్టిదో ఆ కేసే చెబుతుంది. విద్యార్థి సెషన్‌కు వెళ్లి క్లాసు తప్పితే స్లిప్పు కావాలి. ఆ స్లిప్పు మీద కౌన్సెలర్ పేరు, హోదా, ముద్ర ఉంటే అది స్లిప్పు కాదు, ప్రకటన. ఆరోగ్య కేంద్రం పేరుతో, జ్వరానికీ పంటినొప్పికీ ఇచ్చే అదే ఫారం మీద, "ఈ సమయంలో ఇక్కడ ఉన్నారు" అన్న ఒక్క వాక్యంతో ఇవ్వాలి. కారణం గడి ఫారంలోనే ఉండకూడదు.

సమ్మతి పత్రం ఒక్క పేజీ దాటొద్దు. అడ్మిషన్ రోజు పాతిక కాగితాలతో పాటు దాని మీదా సంతకం పెట్టించుకోవడం వృథా. మొదటి సెషన్‌లో అయిదు నిమిషాలు కేటాయించి చదివి వినిపించాలి. కౌన్సెలర్‌కు జీతం ఇచ్చేది ఎవరు, ఏమి రాసుకుంటారు, అది ఎక్కడుంటుంది, ఎన్నేళ్లకు చింపేస్తారు, ఏ పరిస్థితుల్లో ఎవరికి చెబుతారు. అయిదేళ్ల లా కోర్సులో చేరేవాళ్లలో కొందరికి ఇంకా 17 ఏళ్లే. 18 నిండేదాకా చట్టప్రకారం సంరక్షకులే ప్రతినిధులు, కాబట్టి వాళ్లకు ఇచ్చే హామీ వేరేగా ఉంటుంది, అది ముందే చెప్పాలి. ఇంకో విషయం దానికంటే బరువైనది. 18 ఏళ్ల లోపు వ్యక్తిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. 17 ఏళ్ల అమ్మాయి మూడో సెషన్‌లో నమ్మి చెప్పాక "ఇప్పుడు నేను ఫిర్యాదు చేయాల్సిందే" అనడం ఆమెను రెండోసారి దెబ్బతీయడమే. ఆ మినహాయింపు మొదటి అయిదు నిమిషాల్లో ఆమె చెవిన పడాలి. పెద్దవాళ్ల విషయంలో వేధింపు ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది బాధితుల నిర్ణయం. కౌన్సెలర్ దారి చూపిస్తారు, తోయరు.

లా విద్యార్థులు ఈ పత్రాన్ని నిజంగా చదువుతారు. చదివి పరీక్ష కూడా పెడతారు: "చచ్చిపోవాలని ఉందంటే మా ఇంటికి ఫోన్ చేస్తారా?" తడబడితే ఆ మనిషి మళ్లీ రారు. జవాబు ఇలా ఉండాలి: "చచ్చిపోతే బాగుండు" అనిపించడం వేరు, ఎలా ఎప్పుడు అని ఆలోచన సిద్ధంగా ఉండటం వేరు. మొదటిదాని గురించి ఇక్కడే మాట్లాడుకుంటాం, ఎవరికీ చెప్పను. రెండోదైతే మీరు ఎంచుకున్న ఒక మనిషికి, మీ ఎదురుగానే, మీరు వింటుండగా ఫోన్ చేస్తాను. ఆ ఒక్క మనిషి ఎవరన్నది మొదటిరోజే రాసుకోవాలి. అది అమ్మానాన్నలే కానక్కర్లేదు, అక్కో, చిన్నప్పటి స్నేహితుడో కావచ్చు. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. "చేసుకోనని నాకు మాటివ్వు" అని కాగితం మీద రాయించుకోవడం వల్ల రక్షణ దొరుకుతుందనడానికీ ఆధారం లేదు. దాని బదులు ఇద్దరూ కూర్చుని భద్రతా ప్రణాళిక రాసుకోవాలి. అందులో ఆరు మెట్లుంటాయి: ప్రమాదం ముంచుకొస్తోందని తెలిపే గుర్తులు, ఒంటరిగా ఉన్నప్పుడు చేయగలిగిన పనులు, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన మనుషులు, నిపుణుల నంబర్లు, చుట్టూ ఉన్న ప్రమాదకర వస్తువులను దూరం చేయడం. నిపుణుల నంబర్లలో టెలీ మానస్ 14416 ఉండాలి. ఇది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ, ఏ గంటకైనా పనిచేస్తుంది.

ఇంతా చేసి, ఒక్క నిర్ణయంతో మొత్తం పాడు చేసుకునే కాలేజీలున్నాయి. సైకాలజీ కాస్త చదివిన లెక్చరర్‌కు కౌన్సెలర్ అన్న అదనపు హోదా ఇస్తారు. జీతం మిగులుతుంది. ఆ లెక్చరరే ఇంటర్నల్ మార్కులు వేస్తారు, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు వాదనలు) జట్టును ఎంపిక చేస్తారు, ఇంటర్న్‌షిప్‌కు సిఫారసు లేఖ రాస్తారు. ఇక నిజం ఎవరు చెబుతారు? ఒక మనిషికి రెండు కుర్చీలు వేయడం మానేయాలి. రెండో తప్పు శిక్షగా కౌన్సెలింగ్: హాస్టల్లో తాగి దొరికారు, మూడు సెషన్లకు వెళ్లి సర్టిఫికెట్ తీసుకురా. దీంతో కౌన్సెలింగ్ గది క్రమశిక్షణా సంఘానికి అనుబంధ గదిగా మారిపోతుంది, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కూడా ఆగిపోతారు. తప్పనిసరిగా పంపాల్సి వస్తే బయటి నిపుణుల దగ్గరికి ఒక్క అంచనా సెషన్‌కు పంపండి, తిరిగి వచ్చే కాగితంలో "హాజరయ్యారు" అన్న మాట తప్ప ఇంకేమీ ఉండకూడదని ముందే రాసుకోండి.

యాజమాన్యాల అభ్యంతరం నాకు తెలుసు. "ఏదైనా జరిగితే కోర్టు మెట్లెక్కేది మేమే కదా, మాకు తెలియకపోతే ఎలా?" న్యాయమైన భయమే. కానీ దాని జవాబు వాళ్లు అనుకునేదానికి విరుద్ధంగా ఉంది. పేర్లు పైకి వెళతాయని తెలిసిన రోజు నుంచి ఎవరూ రారు. అప్పుడు ప్రిన్సిపాల్‌కు తెలిసేదీ ఏమీ ఉండదు, కౌన్సెలర్‌కు తెలిసేదీ ఏమీ ఉండదు. ఆసరా దొరకాల్సిన మనిషి హాస్టల్ గదిలో ఒంటరిగా ఉంటారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే, అవసరమైన ఒక్క మనిషికి, అవసరమైన ఒక్క ముక్క చేరాలి. మిగతాదేదీ గోడ దాటకూడదు.

ఎంతమంది కౌన్సెలర్లు కావాలి? విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఆ "ఒకరు" కనీసం మాత్రమే. మాటవరసకు 600 మంది విద్యార్థుల కాలేజీ అనుకుందాం. పదిమందిలో ఒకరు వస్తే 60 మంది. ఒక్కొక్కరికి 6 సెషన్లు చొప్పున 360. ఒక కౌన్సెలర్ నాణ్యత తగ్గకుండా వారానికి 20 సెషన్లు చేయగలరు, మిగతా సమయం నోట్సుకూ, అత్యవసరాలకూ, తమ పర్యవేక్షకులతో మాట్లాడుకోవడానికీ కావాలి. 16 వారాల సెమిస్టరులో 320. అప్పుడే 40 తక్కువ. పైగా రాక అన్ని వారాల్లో సమానంగా ఉండదు. ఇంటర్నల్స్, మూట్ మెమోరియల్ (రాతపూర్వక వాదన) గడువు, ఇంటర్న్‌షిప్ ఎంపికలు, సెమిస్టర్ పరీక్షలు, ఈ నాలుగు సమయాల్లో వరద, మధ్యలో ఎండ. అందుకని రోజుకు రెండు స్లాట్లు ఖాళీగా ఉంచాలి, ముందు బుకింగ్ తీసుకోకూడదు. కొత్తగా అడిగినవాళ్లతో అదే రోజు లేదా మర్నాడు 15, 20 నిమిషాలు మాట్లాడి ఎవరికి తొందర ఉందో తేల్చాలి. మూడు వారాల తర్వాతి తేదీ ఇస్తే ఆ మనిషి మూడు వారాల తర్వాత రారు.

నియమించేటప్పుడు అర్హత అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. "కౌన్సెలర్" అని మాత్రం చిన్న కోర్సు చేసినవాళ్లు కూడా బోర్డు పెట్టుకుంటున్నారు. కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ మందులు రాయలేరు, కాబట్టి వారంలోపు అపాయింట్‌మెంట్ దొరికేలా ఒక సైకియాట్రిస్ట్‌తో రాతపూర్వక ఏర్పాటు ఉండాలి. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. పరీక్షకు నాలుగు రోజుల ముందు మొదలుపెట్టి, గుణం లేదని పరీక్ష తర్వాత ఆపేసేవాళ్లకు ఈ సంగతి మొదటే చెప్పాలి.

స్క్రీనింగ్ ఫారాల మీద కాలేజీలకు మోజెక్కువ. డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 మంచి సాధనమే: తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు, 10 గానీ అంతకు మించి గానీ వస్తే పరిశీలించాలి. అది అడిగేది గడిచిన రెండు వారాల గురించి, పరీక్షల వారంలో ఇస్తే స్కోర్లన్నీ పైకే లేస్తాయి. అసలు ప్రమాదం తొమ్మిదో ప్రశ్న. అది చావు ఆలోచనల గురించి. కాలేజీ మొత్తానికీ శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్ ఫారం పంపిస్తారు, ఎవరో రాత్రి పదకొండింటికి ఆ ప్రశ్నకు "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెడతారు, సోమవారం దాకా దాన్ని చూసే దిక్కుండదు. అదే రోజు చూసి, అదే రోజు మాట్లాడగలిగితేనే ఆ ఫారం పంపండి. లేకపోతే పంపకండి.

లా చదివే బుర్రతో కూర్చునే కౌన్సెలర్‌కు కొన్ని మెళకువలు కావాలి. వర్జీనియా విశ్వవిద్యాలయం లా విద్యార్థుల మీద చేసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో నిరాశావాద ధోరణి ఉన్నవాళ్లకే మంచి మార్కులు వచ్చాయి. ఆశ్చర్యమేముంది? ఒప్పందంలో ఏది తప్పు పోవచ్చో ముందే ఊహించడమే కదా ఈ వృత్తి. అలాంటి మనిషికి "పాజిటివ్‌గా ఆలోచించండి" అంటే మర్యాదగా తలూపి వెళ్లిపోతారు. ఆలోచనలతో వాదనకు దిగితే విద్యార్థే గెలుస్తారు, మూట్ కోర్టులో రోజూ చేసే పని అదే. వాదన బదులు ప్రయోగం పెట్టడం మేలు: "క్లాసులో తప్పు జవాబు చెబితే అందరూ వారం రోజులు గుర్తుపెట్టుకుంటారు" అంటే, సరే, నిన్న తప్పు చెప్పినవాళ్లు ముగ్గురి పేర్లు చెప్పండి. సాధారణంగా ఒక్కరూ గుర్తుకు రారు. ఇంకొకటి, "నా ఫ్రెండ్‌కి ఒక సమస్య" అంటూ వచ్చేవాళ్లను నిలదీయకండి. ఊహాజనిత ప్రశ్నతో నేల గట్టిదో కాదో తొక్కి చూసుకోవడం వీళ్ల చదువు నేర్పిన పద్ధతే. పేరు చెప్పకుండా ఒక్కసారి 15 నిమిషాలు మాట్లాడే వీలు కల్పిస్తే ఆ ఫ్రెండే తర్వాత పేరు చెబుతారు.

కాలేజీ నడిపే ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో, అంటే లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో, పనిచేసే విద్యార్థులది ఇంకా క్లిష్టమైన సమస్య. గృహహింస ఫైళ్లు, కస్టడీ మరణాల ఫోటోలు, పిల్లల వాంగ్మూలాలు చూస్తారు. నిద్ర పట్టదు. కౌన్సెలర్‌కు చెప్పుకుందామంటే కక్షిదారు రహస్యం తమది కాదు. రెండు గోప్యతల మధ్య నలిగి నోరు మూసుకుంటారు. దారి ఉంది: పేరు, ఊరు, కేసు నంబరు, గుర్తుపట్టే వివరం ఏదీ చెప్పకుండా తమలో ఏం జరుగుతోందో మాత్రమే మాట్లాడటం. ఈ గీత ఎక్కడుందో క్లినిక్ బాధ్యులూ కౌన్సెలరూ కలిసి ముందే రాసి విద్యార్థులకు ఇవ్వాలి. అలాంటి ఫైళ్లు ఒకే విద్యార్థికి వరసగా వేయకూడదు. కష్టమైన వాంగ్మూలం తీసుకున్న రోజే పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి: ఏం జరిగింది, తర్వాతి అడుగు ఏమిటి, ఇంటికి ఎలా వెళుతున్నారు. అందరినీ వలయంగా కూర్చోబెట్టి భావాలు కక్కించడం వద్దు. ఘటన జరిగిన వెంటనే బలవంతంగా చేసే ఒక్కసారి డీబ్రీఫింగ్ మేలు చేయదనీ, కొందరికి కీడు చేయవచ్చనీ పరిశోధనలు చెప్పాయి.

ఇక సిబ్బంది. సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో సిబ్బంది ప్రధానంగా ఏడాదికి రెండుసార్లు శిక్షణ పొంది విద్యార్థులను గుర్తించవలసినవాళ్లుగానే కనిపిస్తారు. వాళ్లు మునిగిపోతుంటే గట్టుకు చేర్చేదెవరు? ఏటా కాంట్రాక్టు రెన్యూవల్ కోసం ఎదురుచూసే లెక్చరర్, ఫలితాల రోజున తిట్లు తినే పరీక్షల విభాగం గుమాస్తా, అర్ధరాత్రి తలుపు తట్టించుకునే వార్డెన్, రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంచే లైబ్రరీలో కూర్చునే ఉద్యోగి. వీళ్లను విద్యార్థుల కౌన్సెలర్ దగ్గరికే పంపకూడదు. పది గంటలకు ఒక విద్యార్థిని వచ్చి ఒక లెక్చరర్ గురించి ఏడుస్తుంది, పదకొండింటికి అదే లెక్చరర్ వచ్చి కూర్చుంటారు. కౌన్సెలర్ ఎంత సమర్థులైనా ఆ రెండు గంటలనూ మనసులో విడదీయలేరు. సిబ్బందికి బయటి సంస్థతో ఒప్పందం కావాలి. బిల్లు మీద పేర్లుండకూడదు, ఈ నెల ఇన్ని గంటలు అన్న అంకె ఒక్కటే. సెలవు పెట్టి కారణం రాస్తే తప్ప వెళ్లలేకపోతే అది గోప్యత కాదు, కాబట్టి నెలకు రెండు గంటలు కారణం చెప్పకుండా బయటికి వెళ్లే అనుమతి అటెండర్ నుంచి ప్రొఫెసర్ దాకా అందరికీ ఒకేలా ఉండాలి. అందరూ వాడుకుంటేనే ఎవరు ఎందుకు వెళ్లారో తెలియదు. రాత్రి ఒక విద్యార్థిని ఆస్పత్రికి చేర్చిన వార్డెన్‌కు మర్నాడు డ్యూటీ వేయకండి.

సిబ్బంది శిక్షణలో మెదడు రసాయనాల స్లైడ్లు అక్కర్లేదు. నాలుగు వాక్యాలు నోటితో పలికించి సాధన చేయించండి. "రెండు వారాలుగా నువ్వు వెనక బెంచీకి మారావు, ఎలా ఉన్నావు?" "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" "నేనొక్కడినే దాచలేను, కానీ ఎవరికి చెప్పాలో నీతోనే నిర్ణయిస్తాను." "పద, అక్కడిదాకా నేనూ వస్తాను." రెండోది పైకి అనడం కష్టం, అందుకే ఇద్దరిద్దరుగా కూర్చుని పదిసార్లు అనిపించాలి. ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చేసి తర్వాత ఇరుక్కునే లెక్చరర్లు ఎక్కువ. రోగం పేరు పెట్టడం, తన కాలం కష్టాలతో పోల్చడం, క్లాసులో అందరి ముందూ "ఇప్పుడు బాగానే ఉన్నావా?" అని అడగడం కూడా మామూలుగా జరిగే పొరపాట్లే.

గోడకు ఒక కిటికీ మాత్రం ఉండాలి. 1986లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం ఒకటి, చేరకముందు మామూలు జనంలాగే ఉన్న లా విద్యార్థుల్లో డిప్రెషన్ లక్షణాలు మొదటి ఏడాది చివరికి 32 శాతానికి, మూడో ఏడాదికి 40 శాతానికి పెరిగాయని చూపింది. అంటే కొంత జబ్బు చదువు నడిపే తీరులోనే ఉంది. మొత్తం మార్కులు ఒకే పరీక్ష మీద పెట్టడం, మూట్ గడువునూ ఇంటర్నల్స్‌నూ ఒకే వారంలో వేయడం, ర్యాంకులు గోడకు అంటించడం, ఇవి సెషన్లతో పోవు. అవి పరిపాలన చేతిలో పని. వాళ్లకు ఆ సంగతి తెలియాలంటే కౌన్సెలర్ నుంచి సెమిస్టరుకోసారి రిపోర్టు వెళ్లాలి, మనుషుల గురించి కాదు, కారణాల గురించి: వచ్చినవాళ్లలో ఎంత భాగం ఫలానా గడువు గురించి మాట్లాడారు, ఎంత భాగం హాజరు గురించి, ఎదురుచూపు సగటున ఎన్ని రోజులు. దీన్ని సంవత్సరాలవారీగా, అబ్బాయిలు అమ్మాయిలుగా, హాస్టల్ వారీగా చీల్చుకుంటూ పోతే చివరికి ఒక గడిలో "2" మిగులుతుంది, ఆ ఇద్దరెవరో క్లాసంతా చెప్పగలదు. అయిదుగురికంటే తక్కువ వచ్చిన ప్రతి గడినీ ఖాళీగా వదిలేయాలి. మొత్తం అంకెలోంచి తీసివేసి లెక్కగట్టే వీలుంటే పక్క గడినీ ఖాళీ చేయాలి. సిబ్బంది కేవలం ముప్పై, నలభై మంది ఉన్న చిన్న కాలేజీలో వాళ్ల అంకెలను విభాగాలుగా అసలు చీల్చకూడదు, బయటి సంస్థ ఇచ్చే మొత్తం గంటలు తప్ప.